బొగ్గుబావి నుండి బడి దాకా: ఊపిరి పోసే విద్య



మన భద్రావతి చుట్టుపక్కల పనిచేసే వారిలో, ప్రథమచికిత్స నేర్చుకుని తీరాలని చట్టం ఎవరిని అడుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? బొగ్గుగనిలో కార్మికుల మీద ఉండే సర్దారును అడుగుతుంది. ఓవర్‌మన్‌ను అడుగుతుంది. ప్రథమచికిత్స సర్టిఫికెట్ లేనిదే ఆ ఉద్యోగాలకు అర్హత రాదని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలూ అదే మాట అన్నాయి. ఫ్యాక్టరీని కూడా అడిగింది. 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను, ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమచికిత్స పెట్టె ఉండాలని, ఆ పెట్టె శిక్షణ పొందిన మనిషి చేతిలో ఉండాలని చెప్పింది. బస్సు కండక్టరు లైసెన్సుకు కూడా ఈ సర్టిఫికెట్ అడిగే రాష్ట్రాలు ఉన్నాయి.

మరి నలభై మంది పిల్లలను ఉదయం నుండి సాయంత్రం దాకా తన చేతుల్లో పెట్టుకునే ఉపాధ్యాయుణ్ణి? 2009 నాటి విద్యాహక్కు చట్టంలో బడికి ఉండవలసిన వసతుల పట్టిక ఉంది. తరగతి గది, మరుగుదొడ్డి, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ, గ్రంథాలయం అన్నీ ఉన్నాయి. పిల్లవాడు ఊపిరి ఆగి పడిపోతే ఏం చేయాలో తెలిసిన ఒక్క మనిషైనా ఉండాలన్న మాట మాత్రం అందులో లేదు.

ఈ రోజు నేను మీతో మాట్లాడబోయేది ఆ విద్యను గురించే. దాన్ని ఇప్పుడు అందరూ సి.పి.ఆర్. అంటున్నారు. ఆగిన గుండెను పైనుండి నొక్కుతూ, ఆగిన ఊపిరిని మన ఊపిరితో అందిస్తూ, వైద్య సహాయం వచ్చేదాకా మనిషిని నిలబెట్టే పద్ధతి అది. ఇది ఎక్కడో పెద్ద ఆస్పత్రిలో, పెద్ద డాక్టర్లకు మాత్రమే అబ్బిన విద్య అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే విషయం వేరుగా ఉంది. ఈ విద్యలో ఒక సగం బొగ్గుగనిలో పుట్టింది. రెండో సగం కరెంటు ప్రమాదాల నుండి పుట్టింది. బొగ్గు, కరెంటు! మన చంద్రపూర్ జిల్లాకు ఈ రెండింటికంటే దగ్గరి చుట్టాలు ఎవరున్నారు?

1732వ సంవత్సరం, డిసెంబరు నెల. స్కాట్లండ్ దేశంలో అలోవా అనే ఊరు. అక్కడి బొగ్గుబావిలో నిప్పు రాజుకుంది. పొగలో చిక్కుకున్న ఒక కార్మికుణ్ణి పైకి తెచ్చారు. పేరు జేమ్స్ బ్లెయిర్. ఊపిరి లేదు, నాడి లేదు, ఒళ్ళు కదలడం లేదు. విలియం టొసాక్ అనే శస్త్రవైద్యుడు అతని ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి, శక్తికొద్దీ ఊదాడు. రొమ్ము పైకి లేచింది. చేతి కింద గుండె కొట్టుకోవడం తెలిసింది. గంట గడిచేలోగా ఆ మనిషి ఆవులించి, కళ్ళు కదిపాడు. నాలుగు గంటల తర్వాత తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళాడు. టొసాక్ ఈ సంగతిని 1744లో అచ్చు వేయించాడు. మరుసటి ఏడాదే జాన్ ఫాదర్‌గిల్ అనే లండన్ వైద్యుడు, ఇది ఖర్చు లేని పని, ఎవరైనా చేయగల పని అని రాశాడు.

మన తెలుగులో 'ఊపిరి పోయడం' అనే మాట ఎంత పాతదో చూడండి. చచ్చిపోతున్న దానిని నిలబెట్టడం అని దాని భావం. ఆ మాటను టొసాక్ అక్షరాలా చేసి చూపించాడు.

అంత మంచి పద్ధతి దొరికాక లోకం దాన్ని పట్టుకుని ఉండాలి కదా? పట్టుకోలేదు. 1767లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, 1774లో లండన్‌లో, నీట మునిగిన వారిని బ్రతికించే సంఘాలు వెలిశాయి. మొదట్లో వాళ్ళు నోటితో ఊదడాన్ని మెచ్చుకున్నారు. దానితోపాటు కొలిమితిత్తులతో గాలి కొట్టారు. మునిగినవాడి పెద్దపేగులోకి పొగాకు పొగ ఊదితే ప్రాణం వస్తుందని కూడా నమ్మారు. ఇంతలో గాలిలో ప్రాణవాయువు ఒక భాగం మాత్రమేనని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. దానితో, మనం వదిలిన గాలి చెడ్డగాలి, అది ఇంకొకరికి పనికిరాదన్న అనుమానం మొదలైంది. పరాయి మనిషి నోటిలో నోరు పెట్టడం ఏమిటన్న ఏవగింపు ఎలాగూ ఉంది. చివరకు టొసాక్ పద్ధతి మూలపడింది.

దాని స్థానంలో చేతులు ఎత్తి దించే పద్ధతులు వచ్చాయి. 1858లో సిల్వెస్టర్ పద్ధతి, 1903లో షేఫర్ పద్ధతి, 1932లో డెన్మార్క్ సైనికాధికారి హోల్గర్ నీల్సన్ పద్ధతి. మీలో వయసు మళ్ళినవారు స్కౌట్లలోనో, ఎన్.సి.సి.లోనో ఉండి ఉంటే గుర్తుకు రావాలి. మునిగినవాణ్ణి బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నొక్కి, మోచేతులు పట్టుకుని ఎత్తడం నేర్పేవారు. ఎంతో శ్రద్ధగా నేర్పారు, ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాం. కాని ఆ పద్ధతిలో లోపలికి పోయే గాలి చాలా తక్కువ. బోర్లా పడుకున్న మనిషికి నాలుక, గొంతు కలిసి దారి మూసేస్తాయి.

ఈ చిక్కును విప్పినవారు ఇద్దరు అమెరికా వైద్యులు, జేమ్స్ ఈలమ్, పీటర్ సాఫర్. 1946లో మినియాపొలిస్ నగరంలో పోలియో విజృంభించినప్పుడు ఈలమ్ ఒక రోగి ముక్కులోకి తన నోటితో గాలి ఊది నిలబెట్టాడు. తర్వాత ప్రయోగాలు చేసి, మనం వదిలే గాలిలో ఇంకా పదహారు, పదిహేడు శాతం ప్రాణవాయువు మిగిలే ఉంటుందని, మనిషి బ్రతకడానికి అది చాలునని నిరూపించాడు. 1950ల చివర బాల్టిమోర్‌లో సాఫర్ మరో అడుగు వేశాడు. తలను వెనక్కు వంచి గడ్డం పైకెత్తితే శ్వాస దారి తెరుచుకుంటుందని చూపించాడు. అంతకంటే ముఖ్యంగా, వైద్యం చదవని మామూలు మనుషులచేత చేయించి, వాళ్ళూ చేయగలరని చూపించాడు.

ఇక రెండో సగం సంగతి. కరెంటు తీగల మీద పనిచేసేవారు షాక్ తగిలి చనిపోతుంటే, దానికి విరుగుడు వెతికే పని విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరుకు వచ్చింది. గుర్తుంచుకోండి, ఆయన డాక్టరు కాడు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన శిష్యుడు నికర్‌బాకర్, జ్యూడ్ అనే శస్త్రవైద్యుడు కలిసి, లయ తప్పిన గుండెను కరెంటుతోనే తిరిగి గాడిలో పెట్టే యంత్రం మీద పనిచేస్తున్నారు. 1958లో నికర్‌బాకర్ ఒక చిన్న విషయం గమనించాడు. ఆ యంత్రపు బరువైన పలకలను కుక్క రొమ్ము మీద గట్టిగా అదిమినప్పుడల్లా, కరెంటు ఇవ్వకముందే, రక్తనాళంలో ఒత్తిడి పెరుగుతున్నది. అంటే పైనుండి నొక్కితేనే గుండె నుండి రక్తం కదులుతున్నదన్న మాట! 1960 జూలైలో వాళ్ళ వ్యాసం వెలువడింది. ఇరవై మంది రోగుల మీద ఫలితాలు అందులో ఇచ్చారు. వారిలో పద్నాలుగు మంది బ్రతికారు. ఈ పనికి కావలసిన పనిముట్లు రెండు చేతులు మాత్రమేనని ఆ వ్యాసకర్తలు తేల్చారు.

విచిత్రం ఏమంటే, ఇదీ కొత్త విషయం కాదు. 1891లోనే జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రెడరిక్ మాస్ అనే వైద్యుడు, క్లోరోఫామ్ వల్ల గుండె ఆగిన రోగులను రొమ్ము మీద నొక్కి బ్రతికించాడు, తర్వాత ఆ సంగతి అచ్చులో పెట్టాడు. దాదాపు డెబ్భై ఏళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

శ్రోతలారా, ఈ చరిత్ర ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఊపిరి ఊదడం 1732లో దొరికింది, పోయింది, మళ్ళీ రెండు వందల ఏళ్ళకు దొరికింది. గుండె నొక్కడం 1891లో దొరికింది, పోయింది, 1960లో దొరికింది. రెండుసార్లూ విద్య పోవడానికి కారణం అది తప్పు కావడం కాదు. దాన్ని తరం నుండి తరానికి అందించే చోటు లేకపోవడం. ఒక విద్యను తరం నుండి తరానికి అందించడానికి మనిషి కట్టుకున్న చోటు పేరేమిటి? బడి!

ఈ సంగతి ముందుగా గ్రహించిన దేశం నార్వే. అక్కడ స్టావెంజర్ పట్టణంలో ఆస్‌మండ్ లార్డల్ అనే బొమ్మల వ్యాపారి ఉండేవాడు. మెత్తని ప్లాస్టిక్‌తో పిల్లల బొమ్మలు చేసేవాడు. ఆయన 1960లో, ఊపిరి ఊదడం, రొమ్ము నొక్కడం సాధన చేయడానికి మనిషంత బొమ్మను తయారుచేశాడు. దాని పేరు ఆన్. ఆ మరుసటి సంవత్సరం నుండే నార్వే బడుల్లో ఆ బొమ్మల మీద పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. బొమ్మలు చేసేవాడు, బడిపంతులు, డాక్టరు ముగ్గురూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

డెన్మార్క్ 2005లో ప్రాథమిక పాఠశాలల్లో దీన్ని తప్పనిసరి చేసింది. వాహనాల లైసెన్సు తీసుకునేవారికి కూడా నేర్పింది. ఫలితం లెక్కల్లో ఉంది. ఆస్పత్రి బయట గుండె ఆగి పడినవారికి పక్కనున్నవారు సి.పి.ఆర్. చేయడం 2001లో నూటికి 21 మంది విషయంలో జరిగితే, 2010 నాటికి అది 45కు పెరిగింది. నెల రోజుల తర్వాత బ్రతికి ఉన్నవారు నూటికి మూడున్నర నుండి దాదాపు పదకొండుకు పెరిగారు. 2021 జూన్‌లో కోపెన్‌హాగెన్ మైదానంలో ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి కూలిపోవడం, అక్కడికక్కడే రొమ్ము నొక్కి అతన్ని నిలబెట్టడం లోకమంతా టీవీలో చూసింది. అతడు మళ్ళీ ఆటలోకి వచ్చాడు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పన్నెండేళ్ళు దాటిన బడిపిల్లలకు ఏడాదికి రెండు గంటలు ఈ శిక్షణ ఇవ్వాలన్న పిలుపును సమర్థించింది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 2014–15 విద్యాసంవత్సరం నుండి, ఏడు నుండి పన్నెండు తరగతుల మధ్య ఒకసారైనా దీన్ని నేర్పాలని చట్టం ఉంది. డల్లస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగువారి పిల్లలు దాన్ని నేర్చుకుంటున్నారు. వాళ్ళ తాతయ్య ఊళ్ళోని బడిలో మాత్రం ఇంకా ఆ పాఠం మొదలుకాలేదు.

మన దేశంలో పని జరగడం లేదని కాదు. భారతీయ మత్తువైద్యుల సంఘం 2017లో మామూలు ప్రజల కోసం సులువైన పద్ధతిని ప్రకటించింది. గుర్తించు, సహాయం కోసం పిలిచి రొమ్ము నొక్కు, తొందరగా ఆస్పత్రికి చేర్చు. అంతే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో రోడ్డు మీద పడిపోయిన ఒక వ్యక్తికి ట్రాఫిక్ కానిస్టేబుల్ సి.పి.ఆర్. చేసిన దృశ్యం ఇంటింటికీ చేరింది. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య, పోలీసు, పురపాలక సిబ్బందికి పెద్ద ఎత్తున శిక్షణ ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబరు 6న కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటా ఒక రోజు అవగాహన కార్యక్రమం జరిపింది. ఇవన్నీ మంచివే. కాని ఒక రోజు చూసింది చేతికి పట్టదు. చేతికి పట్టాలంటే సాధన కావాలి. సాధన క్రమం తప్పక జరిగే చోటు, మళ్ళీ చెబుతున్నాను, బడి.

అయితే 108 ఉంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో, మన మహారాష్ట్రలో 2014లో ఆ బండ్లు మొదలయ్యాయి. ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కాని లెక్క చూడండి. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల నుండి మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏమీ చేయకుండా నిలుచున్న ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి ఏడు నుండి పది వంతులు తగ్గిపోతుంది. భద్రావతి నుండి చంద్రపూర్ సుమారు పాతిక కిలోమీటర్లు. ఇక సిరొంచా వైపు, రాజురా వైపు పల్లెల సంగతి మీకు నేను చెప్పాలా? బండి ఎంత వేగంగా వచ్చినా ఆ మొదటి పది నిమిషాలు దానివి కావు. అవి పక్కనున్న మనిషివి. పిల్లవాడి పక్కనున్న మనిషి టీచరు.

బడిలో గుండె ఎందుకు ఆగుతుందని ఇంకొందరి అనుమానం. పెద్దలకు జబ్బు గుండెలో మొదలవుతుంది. పిల్లలకు ఎక్కువగా ఊపిరి దగ్గర మొదలవుతుంది. నీట మునగడం, గొంతులో ముద్ద అడ్డుపడటం, కరెంటు షాక్, తీవ్రమైన ఉబ్బసం. మన పిల్లలకు వార్ధా నది ఉంది, వైన్‌గంగ ఉంది, ప్రాణహిత ఉంది, పాడుబడిన బావులున్నాయి, వానాకాలంలో తడిగోడల మీద కరెంటు తీగలున్నాయి. అందుకే టీచర్లకు రొమ్ము నొక్కడం ఒక్కటే నేర్పి ఊరుకుంటే చాలదు. ఊపిరి ఊదడం కూడా నేర్పాలి. టొసాక్ విద్య, కౌవెన్‌హోవెన్ విద్య రెండూ కలిస్తేనే పిల్లలకు పూర్తి రక్ష.

పద్ధతి క్లుప్తంగా మనవి చేస్తాను. ఇది శిక్షణకు బదులు కాదు, శిక్షణకు పిలుపు మాత్రమే. ముందు మీరు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోండి. కరెంటు అయితే మెయిను ఆపండి. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే, పది సెకన్లకు మించకుండా ఊపిరి చూడండి. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదని తెలుసుకోండి. ఒకరిని 108కి ఫోను చేయమనండి. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ అరచేతి మడమ పెట్టి, దానిపై రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా, రెండు అంగుళాల లోతుకు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ రొమ్మును పూర్తిగా పైకి రానివ్వండి. నిమిషానికి నూరు నుండి నూటఇరవై సార్లు. ముప్పైసార్లు నొక్కాక, తల వెనక్కు వంచి, ముక్కు మూసి, రెండుసార్లు ఊపిరి ఊదండి. చిన్నపిల్లలైతే ఒక్క చేయి చాలు, రొమ్ము మందంలో మూడో వంతు లోతు. నీట మునిగినవారికైతే ఊపిరితోనే మొదలుపెట్టండి. రెండు నిమిషాలకొకసారి చేయి మార్చుకోండి. పైకి లెక్కపెడుతూ నొక్కాలి. ఇక్కడ మన రెండు భాషల్లో మరాఠీ కాస్త అనుకూలం. 'ఒకటి, రెండు, మూడు' అనేలోగా వేగం తగ్గుతుంది, 'ఏక్, దోన్, తీన్' అంటే చేయి చురుగ్గా నడుస్తుంది. ప్రాణం నిలబడితే ఏ భాషలో లెక్కపెట్టారని ఎవరూ అడగరు.

భయాలు రెండున్నాయి. మొదటిది, ఏమైనా జరిగితే నా మీదికి వస్తుందేమోనని. రోడ్డు ప్రమాదాల్లో ఆదుకున్నవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఆదేశాలను ఖరారు చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. బడికి కూడా అటువంటి రక్షణ స్పష్టంగా ఉండాలని అడగడం మన హక్కు. కాని ఊపిరి లేని పిల్లవాడి దగ్గర, చేయి వేయకపోవడంకంటే పెద్ద హాని ఇంకేముంటుంది?

రెండోది, పైకి చెప్పుకోని భయం. ఆడపిల్ల పడిపోతే మగ టీచరు రొమ్ము మీద చేయి వేయడమా అన్న జంకు. ఇది మన ఊరి జంకే కాదు. బహిరంగ స్థలాల్లో పడిపోయిన స్త్రీలకు పురుషులకంటే తక్కువగా సి.పి.ఆర్. అందుతున్నదని విదేశీ అధ్యయనాలు కూడా చెబుతున్నాయి. దీనికి మందు ముందే మాట్లాడుకోవడం. ప్రతి బడిలో మహిళా టీచర్లు, ఆయాలు, వంట చేసే అక్కలు కూడా నేర్చుకోవాలి. తల్లిదండ్రుల సమావేశంలో, అందరి ముందు, బొమ్మ మీద చేసి చూపించాలి. చూసిన తల్లికి అనుమానం ఉండదు, చేసే టీచరుకు జంకు ఉండదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సి.పి.ఆర్. చేసిన ప్రతి మనిషీ బ్రతకడు. డెన్మార్క్‌లో అంత శ్రమపడ్డాక కూడా బ్రతికింది నూటికి పదకొండు మందే. కాని మూడున్నర ఎక్కడ, పదకొండు ఎక్కడ? ఆ తేడాలో ఉన్నది ఒకరి బిడ్డ, ఒకరి తండ్రి.

చేయవలసింది పెద్ద ఖర్చు పని కాదు. జూన్ నెలాఖరులో విదర్భ బడులు తెరిచేటప్పుడు రెండు గంటలు. దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి వైద్యుణ్ణో, రెడ్‌క్రాస్ వారినో, 108 సిబ్బందినో అడిగి ఒక సాధన బొమ్మ తెప్పించుకోవచ్చు. నేర్చింది కొద్ది నెలలకే చేతికి తప్పుతుంది గనుక దీపావళి సెలవుల తర్వాత మళ్ళీ ఒక గంట. మన పక్కనే గనుల్లో, ఆయుధ కర్మాగారంలో, థర్మల్ కేంద్రంలో శిక్షణ పొందినవారు ఉన్నారు. వారి పిల్లలు మన బడుల్లోనే చదువుతున్నారు. ఆ తండ్రులను ఒక పూట గురువులుగా పిలవండి. నేర్చిన టీచర్ల పేర్లు హెడ్‌మాస్టరు గది బయట బోర్డు మీద రాయండి. తర్వాత పెద్ద తరగతుల పిల్లలకు నేర్పండి. వాళ్ళు ఇంటికి వెళ్ళి అమ్మకు, నాన్నకు చూపిస్తారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు. ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు మానుకుందాం. గనిలో సర్దారుకు తన మనుషుల ప్రాణాల బాధ్యత అప్పజెప్పిన చట్టం, అతనికి ఆ విద్య కూడా నేర్పించింది. మనకు పిల్లలను అప్పజెప్పిన తల్లిదండ్రులు మన నుండి అంతకంటే తక్కువ ఆశిస్తారా? చట్టం అడిగేదాకా ఆగనక్కరలేదు. ఈ విద్యకు కావలసిన రెండు చేతులూ మన దగ్గరే ఉన్నాయి. నేర్పవలసిందల్లా వాటికి ఆ పని.